దుకాణంలో కెమెరా.. చేతిలో ఫోను.. మధ్యలో తెగిన దారి!

ఫోనులో సీసీ కెమెరాలు కనిపించకపోతే లోపం ఎక్కడుందో తెలుసుకొనే తీరు
మెయిన్ స్విచ్ నుంచి పాస్‌వర్డు వరకు వ్యాపారులు సరిచూసుకోవలసినవి

కల్లూరు (కర్నూలు): రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించి, తాళం వేసి వ్యాపారి ఇంటికి చేరతాడు. భోజనం ముగించి ఫోను తీస్తే దుకాణంలోని కెమెరాలు కనిపించవు. తెరపై కాసేపు గుండ్రని గీత తిరిగి, ఆ తర్వాత 'పరికరం ఆఫ్‌లైన్‌లో ఉంది' అన్న సందేశం వస్తుంది. గోదాములో లక్షల రూపాయల సరుకు ఉంటుంది. వాచ్‌మన్‌కు ఫోను చేస్తే 'ఏమీ లేదు సామీ, అంతా బాగుంది' అంటాడు. కెమెరాలు బిగించిన మెకానిక్ ఫోను ఎత్తడు. తెల్లవారి దుకాణం తెరిచి చూస్తే కెమెరాలన్నీ చక్కగా పనిచేస్తూ ఉంటాయి. మరునాడు రాత్రి మళ్లీ అదే తంతు.

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులోనైనా, ఆదోని పత్తి మిల్లుల్లోనైనా, బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ యూనిట్లలోనైనా ఈ ఇబ్బంది తీరు ఒక్కటే. కెమెరా కొన్న ప్రతివారూ దానిని దూరం నుంచి చూసుకోవాలనే కొంటారు. యజమాని హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఇక్కడి మిల్లును చూసుకొనే రోజులివి. దూరం నుంచి చూసే వీలు పోతే మిగిలేది గోడకు వేలాడే గాజు కన్ను మాత్రమే.

కెమెరా నుంచి ఫోను వరకు దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి. కెమెరాల దృశ్యాలను పోగుచేసి హార్డ్‌డిస్కులో దాచే డీవీఆర్ లేదా ఎన్‌వీఆర్ పెట్టె మొదటిది. దానిని ఇంటర్నెట్‌కు కలిపే రౌటర్ రెండోది. తయారీ కంపెనీ సర్వరు మూడోది. యజమాని చేతిలోని ఫోను నాలుగోది. ఎక్కడ తెగినా ఫోనులో కనిపించే సందేశం దాదాపు ఒకటే. అందుకే మెకానిక్‌ను పిలిచే ముందు ఏ మజిలీలో తెగిందో తేల్చుకుంటే సగం ఖర్చు, మొత్తం కంగారు తప్పుతాయి.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకటి రెండు కెమెరాలు మాత్రమే నల్లగా కనిపించి మిగిలినవి వస్తుంటే అది ఇంటర్నెట్ లోపం కాదు. ఆ కెమెరాల వైరు, పిన్ను లేదా కరెంటు అడాప్టరు చెడినట్లు. అన్నీ ఒకేసారి పోతే డీవీఆర్‌కు కరెంటు లేకపోయినా ఉండాలి, నెట్ అయినా పోయి ఉండాలి. దుకాణంలో వైఫైపై కనిపించి, బయటికి వచ్చి మొబైల్ డేటాకు మారగానే పోతే పెట్టె, కెమెరాలు బాగున్నట్లే. బయటికి వెళ్లే దారిలోనే చిక్కు ఉంది. గుమాస్తా ఫోనులో వస్తూ యజమాని ఫోనులో రాకపోతే యాప్‌లోనో పాస్‌వర్డులోనో తేడా ఉంది. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే పెట్టె మీద చేయి వేయాలి.

మెయిన్ స్విచ్‌తోనే మొదలు

పైన చెప్పిన రాత్రి తంతుకు కారణం చాలాచోట్ల మెయిన్ స్విచ్. షార్ట్ సర్క్యూట్ భయంతో దుకాణం మూసేటప్పుడు మెయిన్ ఆపివేయడం వ్యాపారులకు పాత అలవాటు. మంచి అలవాటే. కాని డీవీఆర్, రౌటర్ కూడా అదే లైనుపై ఉంటే వాటికీ కరెంటు పోతుంది. కెమెరా అవసరమైన వేళలోనే కెమెరా నిద్రపోతుంది. రికార్డింగు కూడా ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఈ రెండింటికీ, కెమెరాల అడాప్టరుకూ విడిగా ఒక ఎంసీబీ పెట్టించి, మెయిన్ ఆపినా ఆ లైను పనిచేసేటట్లు చేయించుకోవాలి.

కరెంటు కోతల సంగతి వేరు. డీవీఆర్‌ను యూపీఎస్‌కు తగిలించి రౌటర్‌ను మరిచిపోయేవారు ఎక్కువ. కోత వేళ రికార్డింగు సాగుతుంది కాని బయటికి దృశ్యం రాదు. రౌటర్లు చాలావరకు 12 వోల్టుల అడాప్టరుపై నడుస్తాయి. వాటికోసమే చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. కొనే ముందు రౌటర్ అడుగున రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోవాలి. ఫైబర్ కనెక్షన్ ఉన్నచోట గోడకు బిగించిన పెట్టె, వైఫై రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావలసిందే.

ఫైబర్ పెట్టెపై 'ఎల్‌ఓఎస్' అనే దీపం ఎర్రగా వెలిగితే గాజుతీగ ఎక్కడో తెగినట్లో, మడతపడినట్లో అర్థం. రోడ్డు తవ్వకాల్లోనో, స్తంభం మీదనో తెగిన తీగను దుకాణంలో ఎన్నిసార్లు పెట్టె ఆపి వేసినా అతికించలేం. కనెక్షన్ ఇచ్చిన వారికి ఫిర్యాదు చేయడం ఒక్కటే మార్గం. ఎర్ర దీపం లేకుండా, ఫోనుకు అదే వైఫైపై నెట్ వస్తూ, కెమెరాలు మాత్రమే రాకపోతే అప్పుడు డీవీఆర్ వైపు చూడాలి.

రౌటర్ మారింది.. చిరునామా మారలేదు

నెట్ కంపెనీ మారిన మరునాడు కెమెరాలు పోవడం తరచుగా జరిగేదే. దుకాణం లోపలి ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. పాత రౌటర్ 192.168.1 వరుసలో చిరునామాలు ఇచ్చి ఉండవచ్చు. కొత్తది 192.168.0 వరుసలోనో, జియో పెట్టెల మాదిరిగా 192.168.29 వరుసలోనో ఇస్తుంది. డీవీఆర్‌లో మెకానిక్ ఆనాడు పాత చిరునామాను స్థిరంగా రాసిపెట్టి ఉంటే అది కొత్త వీధిలో పాత ఇంటి నంబరు పట్టుకొని తిరిగే ఉత్తరం అవుతుంది.

డీవీఆర్‌కు టీవీ లేదా మానిటరు తగిలించి, మౌస్‌తో నెట్‌వర్క్ మెనూలోకి వెళితే ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ అనే నాలుగు గడులు కనిపిస్తాయి. అక్కడే ఉండే 'డీహెచ్‌సీపీ' అన్న ఎంపికను ఆన్ చేస్తే రౌటర్ తానే సరైన చిరునామా ఇస్తుంది. స్థిర చిరునామాయే కావాలనుకుంటే గేట్‌వే గడిలో కొత్త రౌటర్ చిరునామా ఉండాలి, ఐపీ మొదటి మూడు అంకెల గుంపులు దానితో సరిపోవాలి. డీఎన్‌ఎస్ గడి ఖాళీగా ఉంటే పెట్టెకు కంపెనీ సర్వరు పేరు తెలిసినా దాని చిరునామా తెలియదు. అక్కడ 8.8.8.8 రాస్తే సాధారణంగా పని జరుగుతుంది. బిల్లు ప్రింటరుకో, మరో ఫోనుకో అదే ఐపీ దక్కినా కెమెరాలు వచ్చి పోతూ ఉంటాయి. దుకాణం రద్దీగా ఉన్న వేళల్లోనే ఈ పేచీ కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది.

అదే మెనూలో పీ2పీ లేదా క్లౌడ్ అన్న పేజీ ఉంటుంది. అక్కడ 'ఆన్‌లైన్' అని కనిపిస్తే దుకాణం వైపు అంతా సవ్యంగా ఉన్నట్లే. ఇక వెతకవలసింది ఫోనులో. ఈ ఒక్క పేజీని చూడటం నేర్చుకుంటే మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది.

పోర్టుల కాలం చెల్లింది

పదిహేనేళ్ల కిందట బిగించిన వ్యవస్థల కథ మరొకటి. అప్పట్లో నెట్ కనెక్షన్‌కు వచ్చే చిరునామాను బయటి ప్రపంచం నేరుగా చేరగలిగేది. మెకానిక్ రౌటర్‌లో పోర్టు తెరిచి, అటు తట్టినవారిని డీవీఆర్‌కు పంపేలా పెట్టేవాడు. చిరునామా మారినప్పుడల్లా ఇబ్బంది రాకుండా డైన్‌డీఎన్‌ఎస్ వంటి ఉచిత సేవలో పేరు నమోదు చేసేవాడు. ఆ ఉచిత సేవ 2014 మేలో ఆగిపోయింది. దానిపై ఆధారపడిన ఎన్నో కెమెరాలు ఒక్కరోజులో యజమానులకు దూరమయ్యాయి.

అంతకంటే పెద్ద మార్పు మరొకటి జరిగింది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం 429 కోట్లు మాత్రమే. ఆసియా, పసిఫిక్ దేశాలకు వాటిని పంచే సంస్థ వద్ద 2011 ఏప్రిల్ నాటికే నిల్వ అడుగంటింది. దాంతో నెట్ కంపెనీలు ఒకే చిరునామాను అనేకమందికి పంచడం మొదలుపెట్టాయి. పెద్ద భవంతికి ఒకే వీధి తలుపు ఉండి, లోపలి గదుల నంబర్లు బయటివారికి తెలియకపోవడం వంటిది ఇది. ఇటువంటి కనెక్షన్‌లో దుకాణం రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు. ఎందుకంటే వీధి తలుపు కంపెనీ చేతిలో ఉంది.

దీనిని కనిపెట్టడం సులువు. రౌటర్ పేజీలో 'వాన్ ఐపీ' అన్నచోట ఉన్న అంకెలను, తన ఐపీ ఏదో చూపే వెబ్‌సైటులోని అంకెలతో పోల్చాలి. రెండూ వేరైతే చిరునామా ఉమ్మడిదని అర్థం. వాన్ ఐపీ 10తోనో, 100.64 మొదలు 100.127 వరకు ఉన్న అంకెలతోనో ప్రారంభమైతే ఇక అనుమానమే అక్కరలేదు. అప్పుడు రెండే దారులు. కంపెనీకి అదనంగా చెల్లించి స్థిర ఐపీ తీసుకోవడం ఒకటి. డీవీఆర్ తానే బయటికి వెళ్లి కంపెనీ సర్వరును పలకరించే పీ2పీ పద్ధతికి మారడం మరొకటి. చిన్న వ్యాపారికి రెండోదే మేలు. పెద్ద మిల్లులకు, అనేక శాఖలున్న సంస్థలకు వీపీఎన్ ఉత్తమం.

పాత డీవీఆర్‌లను కంప్యూటరులో చూసేవారికి వచ్చే చిక్కు వేరు. అవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో యాక్టివ్‌ఎక్స్ అనే ముక్క దించుకొని పనిచేసేవి. మైక్రోసాఫ్ట్ ఆ బ్రౌజరును 2022 జూన్ 15న విరమించింది. క్రోమ్‌లో తెల్ల పేజీ మాత్రమే వస్తోందని డీవీఆర్ చెడిపోయిందనుకోనక్కరలేదు. ఎడ్జ్ బ్రౌజరులో 'ఐఈ మోడ్' ఆన్ చేస్తే చాలావరకు పనిచేస్తుంది. లేదా ఆ కంపెనీవారి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి.

కనిపిస్తుంది కాని ఆగి ఆగి..

దృశ్యం వచ్చి బిగుసుకుపోతుంటే అప్‌లోడ్ వేగం చూడాలి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది డౌన్‌లోడ్ వేగం. కెమెరాకు కావలసింది దుకాణం నుంచి బయటికి వెళ్లే అప్‌లోడ్. ఒక కెమెరా పూర్తి స్పష్టతతో సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుంటే ఎనిమిదింటికి 32 కావాలి. పాత టెలిఫోను తీగపై వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో అప్‌లోడ్ ఒక మెగాబిట్ దరిదాపుల్లోనే ఉండేది. ఫోను తెర చిన్నది కాబట్టి 'సబ్ స్ట్రీమ్' ఎంచుకుంటే కెమెరాకు అర మెగాబిట్ చాలు. ఎనిమిదికి నాలుగు మెగాబిట్లతో సరిపోతుంది. రికార్డింగు మాత్రం పూర్తి స్పష్టతతోనే సాగుతుంది.

చూసేవారి డేటా ప్యాకు సంగతీ ఇందులోనే ఉంది. అర మెగాబిట్ చొప్పున ఒక కెమెరాను గంటసేపు చూస్తే సుమారు 230 మెగాబైట్లు ఖర్చవుతాయి. నాలుగు కెమెరాలను కలిపి చూస్తే గంటకు 900 దాటుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్న యజమాని మధ్యాహ్నానికే వేగం కోల్పోయి, సాయంత్రం కెమెరాలు రావడం లేదని మెకానిక్‌ను తిట్టడం కద్దు.

కళ్లెదుట దృశ్యం.. వెనక్కి వెళితే శూన్యం

అన్నింటికంటే ప్రమాదకరమైన లోపం కంటికి కనిపించనిది. ఫోనులో దృశ్యం చక్కగా వస్తుంటుంది. దొంగతనం జరిగాక గతవారం రికార్డింగు కోసం వెతికితే ఏమీ ఉండదు. హార్డ్‌డిస్కు ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. లేదా చిన్నదై పాతది చెరిగిపోయి ఉంటుంది.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే 21.6 జీబీ అవుతుంది. ఎనిమిదికి రోజుకు 173 జీబీ. మెకానిక్ వేసిన ఒక టీబీ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నెల రోజులు నిలవాలంటే ఐదు టీబీలు దాటాలి, అంటే ఆరు టీబీల డిస్కు కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టినా, హెచ్.265 పద్ధతి ఉన్న పెట్టె అయినా ఈ అవసరం బాగా తగ్గుతుంది.

నెల రోజుల లెక్క ఊరికే చెప్పింది కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చర్యల అమలు చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టడంతోపాటు 30 రోజుల దృశ్యాలను భద్రపరచాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాయి. కల్యాణ మండపాలు, ఆసుపత్రులు, పెద్ద దుకాణాల వారు డిస్కు కొనేముందు దీనిని గుర్తుంచుకోవాలి.

ఈ ప్రాంతపు ఎండ, దుమ్ము డిస్కుకు శత్రువులు. వేసవిలో బయటే 40 డిగ్రీలు దాటే కర్నూలులో, రేకుల షెడ్డు కింద, బీరువా మీద, గుడ్డ కప్పి ఉంచిన డీవీఆర్ ఎంతకాలం బతుకుతుందో ఊహించవచ్చు. పత్తి మిల్లుల్లో నూగు, పాలిష్ యూనిట్లలో రాతిపొడి ఫ్యానును మూసివేస్తాయి. గాలి ఆడేచోట పెట్టాలి, నెలకోసారి దుమ్ము దులపాలి. అలాగని నేలమీదా పెట్టరాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీరు నగరాన్ని ముంచెత్తిన సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. వర్షాకాలంలో పిడుగుపాటుకు పొడవాటి వైర్ల గుండా పోటు వచ్చి డీవీఆర్‌లో ఒకటి రెండు పోర్టులు మాడిపోవడమూ ఉంది.

వారానికొకసారి ఫోనులో నిన్నటి రాత్రి రెండు గంటల దృశ్యాన్ని, ఇరవై రోజుల కిందటి దృశ్యాన్ని తెరిచి చూడటం అలవాటు చేసుకోవాలి. రెండు నిమిషాల పని. అప్పుడే తెరమీది గడియారాన్నీ చూడాలి. పెట్టెలోని నాణెం వంటి బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. 'ఎన్‌టీపీ' ఆన్ చేసి, భారత కాలమానం ఐదున్నర గంటలు ముందుకు పెట్టుకుంటే గడియారం తానే సరిపడుతుంది.

గడియారం తప్పితే కోర్టులో చిక్కు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కూడా ధ్రువపత్రం కోరుతోంది. సంఘటన జరిగితే దృశ్యాన్ని ఫోనుతో మానిటరు మీద నుంచి చిత్రించి వాట్సప్‌లో తిప్పడం కాదు, డీవీఆర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పోలీసులు వచ్చేవరకు డిస్కును కదపకుండా ఉంచాలి.

తాళంచెవి ఎవరి దగ్గర?

చాలా దుకాణాల్లో డీవీఆర్ పాస్‌వర్డు యజమానికి తెలియదు. మెకానిక్ తన ఈ-మెయిల్‌తో ఖాతా తెరిచి, యజమాని ఫోనులో చూసే వీలు మాత్రం ఇస్తాడు. మెకానిక్ ఊరు మారినా, ఫోను నంబరు మార్చినా యజమాని తన సొంత కెమెరాలకే పరాయివాడు అవుతాడు. పీ2పీ యాప్‌లలో ఒక పెట్టె ఒక ఖాతాకే కట్టుబడి ఉంటుంది. పాత ఖాతా నుంచి విడిపించకుండా కొత్త ఫోనులో చేర్చబోతే 'వేరొకరు చేర్చుకున్నారు' అని తిరస్కరిస్తుంది. కంపెనీ కేంద్రానికి బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరు చూపి విడిపించుకోవలసి వస్తుంది. కనుక బిగించిన రోజే ఖాతాను యజమాని నంబరుతో తెరిపించుకోవాలి. అడ్మిన్ పాస్‌వర్డు, సీరియల్ నంబరు, ధ్రువీకరణ కోడు కాగితం మీద రాయించుకొని బీరువాలో పెట్టుకోవాలి. డబ్బు చివరి వాయిదా ఇచ్చేది ఆ తర్వాతే.

బిగించినప్పటి పాస్‌వర్డునే ఉంచడం మరో ముప్పు. 2016లో 'మిరాయ్' అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఇటువంటి కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో చేజిక్కించుకొని ఆ అక్టోబరు 21న అమెరికాలో పేరుపొందిన వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. అప్పుడు దెబ్బతిన్నది పైన చెప్పిన డైన్ సంస్థే. ఇక్కడి ఉదాహరణ ఇంకా బాధాకరం. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు, వైద్య పరీక్షకు వచ్చిన మహిళలవి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టినట్లు 2025 ఫిబ్రవరిలో బయటపడింది. సులువుగా ఊహించగల పాస్‌వర్డులే అటువంటి చొరబాట్లకు తలుపు తీస్తాయి. బట్టలు మార్చుకొనే గదుల్లో, పరీక్ష గదుల్లో కెమెరా ఉండనే కూడదు.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో జారీచేసిన ఉత్తర్వు ప్రకారం 2025 ఏప్రిల్ 9 నుంచి మార్కెట్లోకి వచ్చే సీసీ కెమెరాలు భద్రతా పరీక్షల్లో నెగ్గాలి. కొత్తవి కొనేవారు ఆ సంగతి అడిగి తీసుకోవాలి. పాతవి ఉన్నవారు కంపెనీ విడుదల చేసిన ఫర్మ్‌వేర్ వేయించుకొని, రౌటర్‌లో ఇంకా తెరిచి ఉన్న పోర్టులను, 'యూపీఎన్‌పీ' ఎంపికను మూయించాలి. పని మానిన గుమాస్తా ఫోనుకు ఇచ్చిన వీలును అదే రోజు తీసివేయాలి.

కెమెరాలు రాని కంగారులో కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికేవారిపై మోసగాళ్లు కన్నేసి ఉంటారు. ఫోను ఎత్తినవాడు తెరను పంచుకొనే యాప్ వేసుకోమన్నా, పది రూపాయలు చెల్లించి ఫిర్యాదు నమోదు చేసుకోమన్నా ఫోను పెట్టేయాలి. కంపెనీ అసలు నంబరు పెట్టె అట్టమీద, బిల్లుమీద ఉంటుంది. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930కు ఫోను చేయాలి.